కింది ఇంటి కరెంటు

జీన్సు ప్యాంటు బెల్టు పట్టీ మీద కుట్టు సగం దూరం పోయాక సూది గుడ్డలోనే నిలిచిపోయింది. మోటారు మూలుగు సన్నబడి ఆగింది. తల మీది ఫ్యాను ఉన్న ఊపు మీద కాసేపు తిరిగి అదీ ఆగింది. ఈశ్వరి పెడలు మీది పాదం తీయలేదు. వేళ్ళకు అంటిన నీలం రంగును చూసుకుంటూ కూర్చుంది. ఇక పైనుంచి కేక రావడమే తరువాయి.

"ఏమ్మా ఈశ్వరీ, మళ్ళా నీ మిషనేనా?"

ఇంటి యజమాని బదరీనారాయణ మిద్దె మీద కమ్మీ పట్టుకుని కిందికి వంగి చూస్తున్నాడు. రాయదుర్గం బజారులో అతనిది కిరాణా అంగడి. అంగడికి బయల్దేరే వేళ అది. పైన అతనూ, భార్య వరలక్ష్మమ్మా ఉంటారు. కింద రెండు గదుల్లో ఈశ్వరి, ఆమె మొగుడు రంగన్న బాడుగకు ఉంటున్నారు.

"మిషను బాగానే నడుస్తాండె అయ్యా. దానంతట అదే పోయినాది."

"నడుస్తాంటే పోయిందంటే మిషనుదే కదమ్మా! పోయి ఎత్తు."

ఈశ్వరి లేచి మెట్ల కిందికి పోయింది. అక్కడ గోడకు కరెంటు డబ్బా. ఎండాకాలంలో పాత బోర్డు మాడిపోతే వీరేష్ అనే ఎలక్ట్రీషియను వచ్చి ఇల్లంతటికీ కలిపి కొత్తది పెట్టిపోయాడు. అందులో తెల్లటి స్విచ్చు ఒకటి, చిన్న బొత్తాముతో. దాన్ని ఇంట్లో అందరూ ట్రిప్పరు అంటారు. కొన్నాళ్ళు కుదురుగానే ఉంది. ఈమధ్యే పొద్దున ఒకసారో రెండుసార్లో, సాయంత్రం దీపాల వేళ మరోసారి, టక్కున కింద పడిపోతోంది. ఈశ్వరి దాన్ని పైకి నెట్టింది. నిలిచింది. లోపల ఫ్యాను కదిలిన చప్పుడు వినిపించింది.

తిరిగి వచ్చి సూది పైకెత్తి చూస్తే కుట్టు ముడిపడి ఉంది. ఆ ముక్క విప్పాలి. జీన్సు గుడ్డ మీద పడిన కుట్టు విప్పడమంటే గోళ్ళు పోయే పని. రాగి రంగు దారం ఒక్కొక్క పోగే బ్లేడు మొనతో తెంపుతూ ఉంటే గుమ్మంలో నీడ పడింది. బదరీనారాయణ చెప్పులు వేసుకుని, అంగడి తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"చూడమ్మా, పొద్దున లేస్తే ఇదే రామాయణమైపోయింది. పైన మా ఫ్రిజ్జు ఏం కావల్ల? వీరేష్‌కు చెప్పి పంపినా. వాడు వచ్చేదాకా ఆ మోటారు పెట్టొద్దు."

"మరి సాయిగణేష్ అన్న నిన్ననే కుట్టేదానికి కట్టలు ఏసిపోయినాడయ్యా..."

"కాలితో తొక్కుకో. ముందు అందరూ తొక్కలేదా?"

అతని గొంతులో కోపం లేదు. ఆ మాట అనేసి, గోడవారన ఆమె పేర్చిపెట్టుకున్న పట్టీల కట్టలను ఒకసారి చూసి, వెళ్ళిపోయాడు. ఈశ్వరి మోటారు బెల్టు విప్పి, మంచం కింది నుంచి పాత తోలు బెల్టు తీసి దుమ్ము దులిపింది.

*

కాలితో తొక్కడం మర్చిపోలేదు గానీ మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. జీన్సు మందం. మడత మీద మడత వచ్చిన చోట సూది దిగక, చక్రాన్ని చేత్తో తిప్పాల్సి వస్తోంది. మధ్యాహ్నానికి పిక్కలు బిగుసుకుపోయాయి. బయట గాలి దుమ్ము లేపుతోంది. తలుపు వేస్తే ఉడుకు, తీస్తే కట్టల మీద ఎర్రటి మన్ను. వేసే ఉంచింది.

సాయంత్రం రంగన్న వాషింగు యూనిట్లో పని దిగి వచ్చాడు. జీన్సులు ఉతికే నీళ్ళలో పొద్దంతా నిలబడి అతని పాదాలు మడమల దాకా నీలంగా ఉంటాయి. బయట గచ్చు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ మిషను వైపు చూశాడు.

"మోటారు ఏమాయ?"

"తీయమన్నాడు. కరెంటు దీని వల్లనే పోతాందంట."

రంగన్న మిగిలిన నీళ్ళు పాదాల మీద పోసుకున్నాడు. కాళ్ళు తుడుచుకుని, గోడకు చేరబడి, ఎదురుగా కనిపించే గుట్టల మీద తిరుగుతున్న గాలిమరలను చూశాడు. "ఊరి సుట్టూ కరెంటు పుట్టిస్తాండారు. మన మిషనుకు మటుకు లేదు," అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడే మెట్ల కింద టక్కుమంది. ఇంట్లో బల్బు ఆరిపోయింది.

ఈశ్వరి తొక్కుతున్న కాలు ఆపింది. మొగుడి వైపు చూసింది. రంగన్న కళ్ళు తెరిచాడు. ఇద్దరికీ ఒకటే అర్థమైంది. మోటారు మూలన గుడ్డ కప్పుకుని ఉంది. దాని ప్లగ్గు నేల మీద ఉంది.

ఆమె ట్రిప్పరు కూడా ఎత్తకుండా గబగబా మెట్లెక్కింది. గడప బయటే నిలబడి పిలిచింది. వరలక్ష్మమ్మ చాలాసేపటికి గాని రాలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కుడి అరచేతిని ఎడమ బొటనవేలితో గట్టిగా రుద్దుకుంటోంది.

"అమ్మా, మళ్ళా పోయినాది సూడు. నా మోటారు పొద్దున్నుంచి పెట్టనే లేదు. ప్లగ్గు గూడా తీసేసినా. వచ్చి సూడండి కావాలంటే."

వరలక్ష్మమ్మ ముఖం అలిసి ఉంది. ఆమె ఎప్పుడూ అట్లాగే ఉంటుంది. షుగరు జబ్బు వచ్చాక మనిషి సగమైంది. "నాకేం తెలుస్తుందే తల్లీ," అంది. "ఆయన వస్తానే చెప్తా. ముందు ఎత్తు, దీపం పెట్టుకోవల్ల."

ఈశ్వరి దిగి ఎత్తింది. రాత్రి అన్నం తినే వేళ బదరీనారాయణ కిందికి వచ్చాడు. భార్య సంగతి చెప్పినట్టుంది. మోటారు కాకపోతే ఇస్త్రీపెట్టె అన్నాడు. ఇస్త్రీపెట్టె తాకలేదంటే బల్బు హోల్డరు అన్నాడు. చివరికి గదిలోని నాలుగు గోడలనూ ఒకసారి చూసి, కింద గోడలకు చెమ్మ పట్టిందేమో అన్నాడు.

"చెమ్మా?" అన్నాడు రంగన్న. "వాన ఎప్పుడు పడె శెట్టీ?"

వీరేష్ వచ్చేదాకా కింది ఇంటి కరెంటు మొత్తం ఆపేసి ఉంచమని చెప్పి బదరీనారాయణ మెట్లెక్కాడు. కింది గదులకు కరెంటు ఇచ్చే గోడ మీది స్విచ్చు ఈశ్వరే ఆపింది. రంగన్న కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. వేరే ఇల్లు చూద్దామని అతను ఆ రాత్రి అనలేదు. పోయిన ఏడు అంతా తిరిగి తిరిగి, పొద్దస్తమానం మిషను చప్పుడు ఓర్చుకునే ఇల్లు ఇదొక్కటే దొరికింది.

*

మర్నాడు ఫ్యాను లేని గదిలో ఈశ్వరి కిటికీ దగ్గరికి మిషను జరుపుకుని కుట్టింది. చెమట గుడ్డ మీద పడి మచ్చ కాకుండా మాటిమాటికీ మెడ తుడుచుకుంటోంది. పొద్దెక్కుతుండగా పైన టీవీ మాటలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. "థూ!" అన్నాడు పైన బదరీనారాయణ. చెప్పుల చప్పుడుతో దిగి వచ్చి ట్రిప్పరు తనే ఎత్తుకున్నాడు. ఎత్తి, కింది ఇంటి గుమ్మం ముందు నుంచే వెళ్ళాడు. ఈశ్వరి మిషను ఆపి ఎదురు చూసింది. అతను తల తిప్పలేదు.

ఇది తన ఇంటి తప్పు కాదని తేలిపోయింది. తేలినట్టు ఎవరూ అనలేదు, అంతే.

సాయిగణేష్ బండి మీద వచ్చి కుట్టిన పట్టీలు చూశాడు. అతను జీన్సు కుట్టే యూనిట్ నుంచి కట్టలు తెచ్చి ఇళ్ళల్లో ఇచ్చి కుట్టిస్తాడు. చెడ్డవాడు కాదు. అయినా కుట్టనివి కుట్టినవాటికంటే ఎక్కువగా కనబడేసరికి తల గోక్కున్నాడు.

"అక్కా, నాకూ పైనుంచి ఒత్తిడి ఉండాది. ఈ రెండు కట్టలు ఆ వీధిలో కుట్టే హరితకు ఇస్తా. నువ్వు కరెంటు బాగైనాక చెప్పు."

"రేపటికి అయిపోతాదప్పా."

"నువ్వు నిన్న ఫోన్లో గూడా అదే చెప్తివి."

కట్టలు బండి మీద పెట్టి తాడు బిగిస్తుంటే ఈశ్వరి అటు చూడలేక లోపలికి వచ్చేసింది.

మధ్యాహ్నం దాటాక వీరేష్ వచ్చాడు. నడివయసు మనిషి. పొద్దున్నుంచి ఎవరింట్లోనో బోరు మోటారు పని చేసి వచ్చాడు, చొక్కా నిండా గ్రీజు. అడిగి నీళ్ళు తాగి, కిందున్న ప్రతి హోల్డరూ, ప్రతి ప్లగ్గూ విప్పి చూశాడు. మిషను మోటారు పెట్టించి నడిపించాడు. ట్రిప్పరు పడలేదు. ఇస్త్రీపెట్టె పెట్టించాడు. పడలేదు. అన్నీ ఒకేసారి పెట్టించాడు. అప్పుడూ పడలేదు.

"ఈడ ఏం లేదు శెట్టీ. పైన గూడా ఒకసారి సూద్దాం," అన్నాడు.

"పైన ఏముండాది? అన్నీ కొత్త వస్తువులే. గీజరు గూడా పోయిన చలికాలంలో కొన్నదే." బదరీనారాయణ గడియారం చూసుకున్నాడు. అంగడి ఎవరి మీదో వదిలి వచ్చాడు. "ఆ డబ్బాలోదే చెడిపోయింటుంది. దాన్ని పీకేసి డైరెక్టు ఇచ్చెయ్."

వీరేష్ స్క్రూడ్రైవరుతో చెవి వెనక గోక్కున్నాడు. "డైరెక్టు ఇయ్యగూడదు శెట్టీ. మనిషికి యాడన్నా కరెంటు తగిలితే ఇది పడిపోతాది. దానికే పెట్టేది."

"మా నాయన కాలంలో ఉండెనా ఇది? మేమందరం సచ్చిపోయినామా? పీకెయ్యప్పా. నాకూ నిమ్మళం, ఆ పాపకూ నిమ్మళం."

ఆ మాటతో వీరేష్ ఈశ్వరి వైపు చూశాడు. ఏమైనా అంటుందేమోనని కావచ్చు. ఈశ్వరి లోపలున్న మోటారు వైపు చూసింది. ఆమెకు ఆ క్షణంలో కావలసింది ఒక్కటే, మోటారు తిరగడం. వీరేష్ నిట్టూర్చి మెయిను ఆపి, తెల్ల స్విచ్చు ఊడదీసి, తీగలు కలిపి టేపు చుట్టాడు. కొత్తది వారంలో తెచ్చి పెడతానని, అప్పటిదాకా జాగ్రత్తగా ఉండమని చెప్పాడు. ఎవరికి చెప్పాడో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం దీపాల వేళ కరెంటు పోలేదు.

*

పొద్దున మోటారు బెల్టు ఎక్కించి కూర్చున్న ఈశ్వరికి ఒళ్ళు తేలిపోయినట్టుంది. పట్టీ తర్వాత పట్టీ సూది కింది నుంచి జారి అవతల బుట్టలో పడుతోంది. ఆగకుండా కుట్టడమంటే ఎట్లా ఉంటుందో మర్చిపోయింది ఇన్నాళ్ళూ. దారం కండె అయిపోతే తప్ప ఆగలేదు. హరితకు పోయిన కట్టలు ఈ లెక్కన రేపో మాపో మళ్ళీ తన దగ్గరికే వస్తాయి అనుకుంది.

వరలక్ష్మమ్మ లోపలికి వచ్చి నిలబడ్డది కూడా ఆమె చూడలేదు. చేతిలో స్టీలు గిన్నె, అందులో బొరుగుల ఉగ్గాని. మామూలుగా ఏదైనా ఇవ్వాలంటే మెట్ల దగ్గర నుంచే పిలుస్తుంది. ఈ రోజు లోపలికే వచ్చింది. గిన్నె కింద పెట్టి, మంచం అంచు మీద మెల్లగా కూర్చుంది.

"పోలేదే నిన్నటి నుంచి," అంది.

"లేదమ్మా. మంచిదాయె."

"నీ మిషను కాదని నాకు తెలుసే. ఆయనకు చెప్పినా. ఆయన ఒకటి అనుకున్నాడంటే..." మాట సగంలో వదిలేసింది. కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే మడిచి చూసుకుంటోంది. ఈశ్వరి మర్యాదకు మిషను ఆపింది.

"చెయ్యి నొప్పా అమ్మా?"

వరలక్ష్మమ్మ తలుపు వైపు చూసింది. భర్త అంగడికి పోయాడని తెలిసీ చూసింది.

"ఎవరికీ చెప్పొద్దు. ఆయనకైతే అస్సలు చెప్పొద్దు. షుగరు బాగా ఎక్కిందే నాకు. కాళ్ళు తిమ్మిర్లు ఎప్పటి నుంచో ఉండేటివే. ఇప్పుడు చేతులకు వచ్చింది. స్నానానికి కూర్చుంటే చెయ్యి జివ్వున లాగేస్తుంది. మొదట్లో ఒక దెబ్బ కొట్టి వదిలేసేది. ఈ పొద్దు అయితే..." ఆమె గొంతు తగ్గించింది. "ఈ పొద్దు వేళ్ళు బిగుసుకపోయినాయే. కుళాయి వదుల్తామంటే వదలదు. గట్టిగా లాక్కుంటే ఎనక్కి పడబోయి గోడ పట్టుకున్నా. ఈ సంగతి తెలిస్తే డాక్టరు దగ్గరికి తోల్కపోతాడు. వాళ్ళు సూదులు మొదలుపెట్టుకోమంటారు. జీవితమంతా పొట్టకు పొడుచుకుంటా కూర్చోవల్ల. నావల్ల కాదు."

ఈశ్వరి చెయ్యి చక్రం మీద ఉండిపోయింది.

"కుళాయి పట్టుకున్నప్పుడేనా అమ్మా?"

"ఆఁ. పొద్దున స్నానానికి. మాపు దీపం ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునేటప్పుడు. నిన్న మాపు మటుకు చన్నీళ్ళతోనే కడుక్కున్నా, ఏం కాలేదు. ఉడుకు నీళ్ళు తగిలితే నరాలకు పడదేమో."

పొద్దున. దీపాల వేళ. ఈశ్వరి ఇంకేమీ అడగలేదు. లేచింది. ఆమె కాలు తగిలి ఉగ్గాని గిన్నె పక్కకు ఒరిగింది. "ఏమైందే?" అంటున్న వరలక్ష్మమ్మను దాటుకుని, మెట్ల కిందికి పోయి, డబ్బా మూత తెరిచి, మెయిను కిందికి లాగేసింది. పైనా కిందా అన్నీ ఆగిపోయాయి. ఆమె డబ్బా పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. నిన్న సాయంత్రం కూడా గీజరు వేసుకుని ఉంటే, ఈ పొద్దున ఆ గోడ అందకపోతే, పైనుంచి ఒక చప్పుడు వచ్చేది. తన మోటారు శబ్దంలో అది కూడా వినిపించేది కాదు.

*

బదరీనారాయణ ఇల్లు చేరేసరికి మెయిను ఇంకా ఆపే ఉంది. ఈశ్వరి దాని ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. ఇంట్లో కరెంటు లేదని తెలిసి కోపంగా వచ్చాడు. వీధిలో అందరికీ ఉంది.

"ఎవరు ఆపినారు?"

"నేనే అయ్యా. వీరేష్‌కు ఫోను చేసినా. వస్తాండాడు. అంతదాకా ఎత్తొద్దు."

"నువ్వు ఆపినావా? నా ఇంటి మెయిను నువ్వు ఆపేదేంది? నిన్న అదంతా నీ కోసమే గదా పీకించింది!"

"మీ బాత్రూంలో కుళాయికి కరెంటు వస్తాండాది అయ్యా."

"నీకెట్ల తెలుసు? నువ్వు ఎప్పుడన్నా మా బాత్రూంలోకి పోయినావా?"

ఈశ్వరి నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఎవరికీ చెప్పొద్దన్న మాట గుర్తొచ్చింది. బదరీనారాయణ ఆమెను పక్కకు జరగమని చెయ్యి ఊపాడు. ఆమె జరగలేదు. అతను ఎప్పుడూ ఆమెను ముట్టుకుని పక్కకు తోసే మనిషి కాదు. ఏం చెయ్యాలో తోచక అట్లాగే నిలబడ్డాడు.

"నేను చెప్పినా," అంది వెనక నుంచి వరలక్ష్మమ్మ.

ఆమె కింది ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది, పైకి పోనే లేదు. చెయ్యి ముందుకు చాచి చూపించింది. నడిమి వేలి మొదట్లో చర్మం కొద్దిగా కమిలి ఉంది. "చానా దినాల నుంచి తగుల్తాండాది. షుగరు అనుకున్నా. మీరు సూదులు ఏపిస్తారని చెప్పలేదు."

బదరీనారాయణ భార్య చేతిని చూశాడు. పట్టుకుని, ఎండలోకి తిప్పి, మళ్ళీ చూశాడు. మెట్టు మీద చతికిలబడి తుండుతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

వీరేష్ వచ్చాడు. ఈసారి అతను నేరుగా పైకి పోయాడు. గీజరు కిందికి దించి విప్పితే లోపలి కాయిలుకు బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా గడ్డకట్టి ఉంది. ఆ గడ్డ కింద కాయిలు పగిలిపోయింది. గోడలోని ప్లగ్గు విప్పితే పచ్చ రంగు ఎర్తు వైరు దేనికీ తగిలించకుండా మడిచి లోపలికి దోపి ఉంది. బిగించినవాళ్ళు ఎవరో దాన్ని అట్లాగే వదిలేశారు. గీజరు నుంచి కుళాయికి వచ్చేది స్టీలు పైపు. కరెంటుకు దారి అంతా తెరిచే ఉంది.

"కాళ్ళకు ఏమన్నా తొడుక్కుని ఉంటివా అమ్మా?" అని అడిగాడు వీరేష్.

"షుగరు చెప్పులు. బాత్రూంలో గూడా ఏసుకోమని డాక్టరు చెప్పినాడు."

వీరేష్ తలూపాడు. కాయిలును చేతిలో తిప్పుతూ, "నిన్న నేను పైకొచ్చి సూసింటే..." అన్నాడు. బదరీనారాయణ కిటికీ అవతలికి చూస్తున్నాడు.

*

సాయంత్రానికి ఎర్తు వైరు బిగించాడు. కొత్త కాయిలు వేశాడు. బజారుకు పోయి కొత్త ట్రిప్పరు తెచ్చి పెట్టాడు, వారం దాకా ఆగలేదు. మెయిను ఎత్తి, గీజరు వేసి, టెస్టరు కుళాయికి ఆనించి చూశాడు. వెలగలేదు. మరో చోట ఆనించాడు. వెలగలేదు.

సాయిగణేష్ రెండుసార్లు ఫోను చేసినా ఈశ్వరి ఎత్తలేదు. కుట్టాల్సిన పట్టీలు సగం అట్లాగే ఉన్నాయి. ఆ దినం పోయినట్టే. అయినా వరలక్ష్మమ్మ రమ్మంటే పైకి వచ్చి బాత్రూం తలుపు దగ్గర నిలబడింది. ఆ ఇంట్లోకి ఇంత లోపలికి ఆమె రావడం ఇదే మొదలు. నలుగురూ ఆ ఇరుకు చోటులో కుళాయిని చూస్తూ నిలబడ్డారు. వరలక్ష్మమ్మ ముందుకు ఒక అడుగు వేసి ఆగిపోయింది.

"ఇంకేం కాదమ్మా, పట్టుకోండి," అన్నాడు వీరేష్, సామాను సర్దుకుంటూ.

ఆమె కదల్లేదు. బదరీనారాయణ గొంతు సవరించుకున్నాడు. మెట్ల దగ్గర మాటల తర్వాత ఈశ్వరితో నేరుగా మాట్లాడలేదతను. ఇప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"ఈశ్వరీ, నువ్వొకసారి తిప్పి చూడమ్మా."

మెత్తగానే అన్నాడు. అంగట్లో ఫలానా డబ్బా అందుకోమన్నట్టు అన్నాడు. ఈశ్వరి కూడా ఆలోచించలేదు. పెద్దవాళ్ళు ఏదైనా చెయ్యమంటే చెయ్యి దానంతటదే ముందుకు పోయే అలవాటు ఆమెది. చెయ్యి చాచింది. కుళాయికి జానెడు దూరంలో మణికట్టు దగ్గర చల్లటి వేళ్ళు పడ్డాయి.

"నువ్వుండు," అంది వరలక్ష్మమ్మ.

ఆమె భర్త వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మీరు పట్టుకోండి."

బదరీనారాయణ నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి వీరేష్ వైపు చూశాడు. వీరేష్ సంచి జిప్పు లాగుతూ తల ఎత్తలేదు. గీజరు లోపల నీళ్ళు సన్నగా చప్పుడు చేస్తూ కాగుతున్నాయి. బదరీనారాయణ చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు. ముందు వేలి వెనక భాగంతో కుళాయిని తాకాడు, గభాలున తీసుకున్నాడు. మళ్ళీ తాకాడు. తర్వాత అరచెయ్యంతా ఆనించి, కళ్ళు చిట్లించి, తిప్పాడు.

నీళ్ళు బక్కెట్లో పడ్డాయి. అతను చెయ్యి తీయకుండా అట్లాగే నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది.

వరలక్ష్మమ్మ ఈశ్వరి మణికట్టు ఇంకా వదల్లేదు.